కృపారాణి టీచర్ గారు దిద్దిన తప్పులు

కృపారాణి టీచర్ గారు ధవళేశ్వరంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లీషు చెప్పారు. మొగల్తూరులో కూలి పనులకు వెళ్ళే ఇంట్లో పుట్టి, లూథరన్ హాస్టల్లో ఉండి చదువుకున్న మనిషి. పిల్లలు ఏ తప్పు రాసినా ఓర్చుకునేవారు గానీ ‘ఎ’, ‘యాన్’, ‘ది’ల దగ్గర మాత్రం ఊరుకునేవారు కాదు. మన భాషలో లేనివి మనకెందుకండీ అని ఒకసారి ఎవరో అడిగితే, ఒకరింటికి వెళ్తే గుమ్మంలో చెప్పులు విప్పుతావా లేదా, ఇంగ్లీషు గుమ్మంలో ఇదీ అంతే అన్నారు. ఆ పాఠం రోజున బుట్టెడు నిమ్మకాయలు తెచ్చేవారు. ఏదో ఒకటి తీసుకోమంటే ‘ఎ’. నువ్వు తీసుకున్న కాయే చూపించమంటే ‘ది’. సాయంత్రం దాకా క్లాసంతా నిమ్మ వాసన.

ఆ క్లాసులో వెనక బెంచీ దుర్గాశ్రీది. తండ్రి పల్లంరాజు గోదావరి మీద వల వేసేవాడు, తల్లి లోవమ్మ చేపలు అమ్మేది. టీచర్ గారు ప్రశ్న అడిగితే దుర్గాశ్రీ లేచి నించునేది, అంతే. తప్పు చెబితే అందరూ చూస్తారని నోరు పెగిలేది కాదు. లోవమ్మకి మోకాళ్ళు పట్టేశాక తొమ్మిదో తరగతితో బడి మానేసి గంప తనే ఎత్తుకుంది. పిల్లని మళ్ళీ పంపమని అడగడానికి టీచర్ గారు రెండుసార్లు ఇంటికొచ్చారు. రెండుసార్లూ దుర్గాశ్రీ ఆరేసిన వలల వెనక దాక్కుంది.

పోయిన ఆగస్టులో టీచర్ గారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మూతి కొంచెం వంకర తిరిగింది. ఆవిడ భర్త విజయ్ పాల్ గారు ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. ఒక్కడినే చూసుకోలేకపోతున్నానని లోవమ్మతో చెప్పుకుంటే, ఆవిడ పందొమ్మిదేళ్ళ కూతుర్ని సాయానికి పంపింది.

మొదటి రోజే ఆయన వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పారు.

“మాటలన్నీ లోపలే ఉన్నాయంటమ్మా. మూడు నెలల్లోపు పలికిస్తేనే బాగా తిరుగుతాయన్నారు డాక్టరు గారు. మీ టీచరేమో నోరే విప్పట్లేదు.”

ఎందుకు విప్పట్లేదో ఆయనే చెప్పారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మంచినీళ్ళు అడగబోతే ఇంకేదో మాట వచ్చిందట. చూడ్డానికొచ్చిన వాళ్ళలో ఒక చిన్నపిల్ల నవ్వింది. అంతే, ఆవిడ పెదాలు బిగించేశారు. చర్చి ఆడవాళ్ళు ప్రార్థనకొస్తే నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునేవారు. ఆ కళ్ళు నిద్రలో లేవని దుర్గాశ్రీకి తెలిసేది. ఆ భయం తనకి కొత్త కాదు మరి.

రెండు నెలలు గడిచాయి. మాట రాలేదు. విజయ్ పాల్ గారు క్యాలెండరు వైపు చూడటం మానేశారు.

ఒకరోజు బీరువా దులుపుతుంటే ఏడో తరగతి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. దుర్గాశ్రీ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఖాళీలు పూరించే పేజీ. ఖాళీలు తనే నింపుకుంటూ పైకి చదివింది.

“ఐ సా ఎ ఎలిఫెంట్.”

టీచర్ గారి కనుబొమ్మలు ముడిపడ్డాయి. దుర్గాశ్రీ బెదిరిపోయి తర్వాతది చదివింది. “ఐ వెయిటెడ్ ఫర్ ఎ అవర్.”

ఎడమచెయ్యి దుప్పటి మీద గట్టిగా కొట్టింది.

“యా...” అన్నారు టీచర్ గారు. గొంతు సవరించుకుని, పెదాలు కూడదీసుకుని, “యా...న్.”

దుర్గాశ్రీ పుస్తకంలోంచి తలెత్తలేదు. తలెత్తితే ఆవిడ సిగ్గుపడి ఆపేస్తారేమోనని అదే వాక్యం సరిచేసి చదివి, ముందుకు పోయింది. ఆ పూట ఏడు తప్పులు చదివింది. ఏడూ నిజంగా తెలియక చేసినవే. వాటిలో నాలుగు తప్పుల్ని టీచర్ గారు మంచం మీది నుంచే దిద్దారు. వీధి అరుగు మీద విజయ్ పాల్ గారు పేపరు పట్టుకుని, పేజీ తిప్పకుండా కూర్చున్నారు.

రోజూ అదే పని అయింది. ‘యాన్’ స్పష్టంగా వచ్చింది, ‘ది’ వచ్చింది, తర్వాత “కాదు” అనే మాటా వచ్చింది. అంతకు మించి రాలేదు. ఈలోగా దుర్గాశ్రీకి పాఠం వంటబట్టేసింది. మూడో నెల ఆఖరి వారానికి వెతికినా తప్పులు దొరకట్లేదు. తప్పు లేకపోతే టీచర్ గారు మాట్లాడరు. అందుకని తెలిసీ తప్పు చదవడం మొదలుపెట్టింది. ఎవరైనా వింటే ఏమనుకుంటారోనన్న బెంగ ఎప్పుడు పోయిందో తనకే తెలీదు.

ఒక పొద్దున వరసగా చదివింది. “షి ఈజ్ యాన్ టీచర్. ఎ సన్ ఈజ్ హాట్. హి ఏట్ ఎ ఆరెంజ్.”

మంచం మీది నుంచి చప్పుడు లేదు. దుర్గాశ్రీ పుస్తకం దించింది. తలెత్తి చూస్తే, టీచర్ గారు తననే చూస్తున్నారు. పాత క్లాసు చూపు.

“దొంగ... పిల్లా,” అన్నారావిడ ఒక్కో మాటా తవ్వి తీస్తున్నట్టు. “నీకొచ్చు... కావాలని... తప్పు చదువుతున్నావ్.”

అరుగు మీద పేపరు కిందపడిన చప్పుడు వినిపించింది. దుర్గాశ్రీ కళ్ళు నిండిపోయి అక్షరాలు అలుక్కుపోయాయి.

“ఏడుపెందుకే. మళ్ళీ... చదువు. సరిగ్గా.”

దుర్గాశ్రీ చున్నీతో కళ్ళు తుడుచుకుని లేచి నించుంది. అరుగు దాకా వినబడేలా, ఒక్క తప్పు లేకుండా, పేజీ అంతా చదివింది.