ఎర్ర దారం కట్టిన మైకు

మా మరిది పోయాడు. నేను కాఫీ తోటలో పళ్లు కోస్తున్నాను. కింద నుంచి పొరుగింటామె కేకేసింది: "ఓలమ్మా, బేగి దిగు! నీ మరిది అరుగు మీద కూకున్నోడు కూకున్నట్టే ఒరిగిపోనాడు." బుట్ట నడుముకి ఉండగానే దిగాను. నేను వెళ్లేసరికి సగం తాగిన అంబలి గిన్నె పక్కన ఉంది, చేతిలో తీగ ముక్క ఉంది, హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. మనిషి లేడు.

నెల దాటింది. ఏడవాల్సింది ఆ రోజే ఏడ్చేశాను. ఇప్పుడు నాలో మిగిలింది అసహ్యం. ఆయన దినం నాడు, ఆయన అన్నం తింటూ, ఆయన మైకు చెడిపోయినదని పట్నం వాళ్లు నలుగురిలో ఒక మాట అన్నారు. ఆ మాటతో ఆయన ఇన్నేళ్లు రికార్డరులో పట్టిన పాటలన్నీ పనికిరావని తేల్చేశారు. ఆ మాట అబద్ధమని చెప్పడానికే ఇది. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. మెత్తగా మార్చి రాయొద్దని ముందే చెప్పాను.

ముందు ఆయన ఎవరో తెలియాలి. అరకు సంతలో తప్పిపోయిన మేక గురించి, పిల్లల టీకాల గురించి వినబడే మైకు సెట్టు ఆయనదే. ఆ సెట్టు పట్టుకుని చర్చిలో క్రిస్మస్‌కి వెళ్లేవాడు, అమ్మవారి పండక్కీ వెళ్లేవాడు. వయసులో ఉన్నప్పుడు సీలేరు కరెంటు కాలనీకి పనికి పోయి, అక్కడ రేడియోలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర ఈ విద్య పట్టుకొచ్చాడు. ఆ ముసలాయన కాలనీ వదిలి పోతూ ఒక పాత మైకు ఈయన చేతిలో పెట్టాడట. రెండు పిడికిళ్లంత ఉంటుంది, రాయిలా బరువు. దాన్ని రిబ్బన్ మైకు అంటారు. లోపల ఉల్లిపొర కంటే పల్చటి రేకు ఒకటి ఉంటుంది. మనం మాట్లాడితే ఆ రేకు అదురుతుంది. ఆ అదురే మాటగా తీగలోకి పోతుంది.

మొదటిసారి చూపించినప్పుడు, సంతలో అందరూ చేసినట్టే నేనూ ఉఫ్ అని ఊదబోయాను. చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊదకు వదినా, అది పసిగుంట. బెదిరిపోతాది."

"నాకు గుంటల్ని పెంచడం నేర్పుతున్నావేటి మరిదీ? అయిదుగుర్ని పెంచినాను."

"ఆ అయిదుగురూ నీ కేకలకి సెవులు మూసుకునే పెరిగినారు కదేటి."

ఇలాగే ఉండేది మా ఇద్దరి మాట. నా పెనిమిటి పోయాక కూడా రోజూ పొద్దున నా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చునేవాడు, లెమ్మంటే లేచేవాడు కాదు.

ఆయనకి పాటల పిచ్చి పట్టింది పెద్దతనంలో. చేతిలో పట్టేంత రికార్డరు ఒకటి కొన్నాడు. కొండ కొండకీ తిరిగి ముసలమ్మల పాటలు పట్టేవాడు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మాలో విత్తనం పాట అని ఒకటుంది. చోడి, అదే రాగి, నూర్చాక, వచ్చే ఏటి విత్తనం ఏరి బుట్టలో కట్టే రోజు ఆడవాళ్లం ఇంట్లో కూర్చుని పాడతాం. మగవాడు వినకూడదు. వింటే మొలక రాదని మా అత్త చెప్పేది. వస్తుందో రాదో నాకు తెలియదు, ఎవరూ విని చూడలేదు కాబట్టి. ఆ పాట తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఈయనేమో మగవాడు.

అందుకని నాకు నేర్పాడు. తీగలు లోపలికి పట్టుకుపోవాల్సింది నేను, పెట్టాల్సింది నేను, మీట నొక్కాల్సింది నేను.

"ఈ కన్నాలూ ఈ ముళ్లూ నాకేటి తెలుస్తాది మరిదీ? సదువుకున్న గుంట నెవర్తినైనా పిలు."

"కళ్లు మూసుకుని సోడి గింజేదో సామ గింజేదో సెప్పేస్తావు. ఇదో లెక్కేటి నీకు?"

రికార్డరుకి పక్కన పెద్ద కన్నాలు రెండుంటాయి, చిన్న కన్నం ఒకటుంటుంది. ఒక మీట ఎత్తితే పెద్ద కన్నాల్లోంచి రికార్డరే తీగ గుండా మైకుకి కరెంటు పంపుతుంది. ఇప్పటి మైకులు కొన్నింటికి అది కావాలి, అది తాగితేనే పలుకుతాయి. పాత రిబ్బన్ మైకుకి అక్కర్లేదు. పైగా దాని తీగ ముల్లు ఈ కన్నంలో పట్టదు. ఎప్పటిదో పాత సెట్టు కోసం చేసిన తీగ అది. పట్టించడానికి మధ్యలో ఒక అతుకు ముక్క పెట్టాలి. ఆ అతుకులో రెండు తీగలు ఒకటైపోతాయి. అప్పుడు గనక మీట ఎత్తి ఉంటే కరెంటు తిన్నగా ఆ ఉల్లిపొర రేకు మీద పడుతుంది. ఇది ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు.

చెప్పి ఊరుకోలేదు, దారాలు కట్టాడు. రిబ్బన్ మైకు తీగకి ఎర్ర దారం. రికార్డరులో కరెంటు మీట పక్కన అతికించిన గుడ్డ ముక్కా ఎర్రదే. ఎరుపు తీగ పట్టుకుంటే ఎరుపు మీట కింద ఉండాలి, అంతే. సంతలో వాడే సొట్ట మైకుకి ఆకుపచ్చ దారం. "ఆ మొద్దుకి ఏటి పెట్టినా పరవాలేదు" అనేవాడు. రవికకి తగిలించే బుల్లి మైకుకి పసుపు దారం. అది చిన్న కన్నంలోనే పెట్టాలి.

తర్వాత వరస. ముందు గొంతు పెంచి తగ్గించే మర అడుగుకి దించాలి. మీట ఆర్పాలి. పది లెక్కపెట్టాలి. అప్పుడు తీగ పెట్టాలి. తియ్యాలన్నా ఇదే వరస. పది ఎందుకని అడిగాను.

"ఆర్పినా కరెంటు తీగలో ఇంకా కూకునుంటాది వదినా, సుట్టం లాగ. బేగి లెగదు."

"నీలాగ."

"నాకు అంబలైనా పోత్తావు. దానికి అదీ నేదు."

నాకు లెక్క పది దాకానే వచ్చు. అది తెలిసే పది అన్నాడేమో కూడా.

నేను లోపల మైకు పెట్టి, హెడ్‌ఫోన్లు చెవికి తగిలించుకుని, మర కొంచెం కొంచెం పైకి తిప్పేదాన్ని. ఆయన బయట వాకిలి చివర బల్లపరుపు రాయి మీద, ఇంటికి వీపు పెట్టి కూర్చునేవాడు. ఎండైనా అక్కడే, మంచైనా అక్కడే. మేం పాడినంతసేపూ తల తిప్పేవాడు కాదు. అయ్యాక వచ్చి రికార్డరు చూసుకునేవాడు. చెవికి మాత్రం పెట్టుకునేవాడు కాదు. గొంతు ఎంత వచ్చిందో చూపించే వెలుగు గీతలుంటాయి, వాటినే చూసేవాడు.

"ఏటి విన్నావు మరిదీ?"

"ఏటీ విన్నేదు. గీతలు లెగిసినాయి, పడినాయి. సాలు."

ఇన్నేళ్లు పట్టిన పాటని ఒక్కసారి కూడా వినలేదు ఆయన. యంత్రం ఆయన చేతిలోనే ఉండేది, వింటే ఎవరికీ తెలియదు. అయినా వినలేదు. అలాంటి మనిషి గురించి చెప్తున్నాను నేను.

ఇక దినం సంగతి. పట్నం నుంచి పాటల సేకరణ వాళ్లు వచ్చారు. వాళ్ల పెద్దని సారు అందాం, పేరు నాకొద్దు. వెంట ఒక టెక్నీషియన్. ఆడపిల్లల హాస్టల్లో పాటలు వినే పెట్టె ఒకటి పెడతారట, అందులో మా మరిది పట్టిన విత్తనం పాటలు వేస్తామని ఆయన బతికుండగానే మాటిచ్చారు. ఆడపిల్లలు వింటే అభ్యంతరం లేదని మేమూ ఒప్పుకున్నాం. దినం నాడు సారు అన్నాడు, ఆయన గుర్తుగా ఆయన మైకుతోనే మీ చేత ఒక పాట పాడిస్తాం అని. మంచి మాటే కదా అనుకున్నాను. మగవాళ్లు వినదగ్గ, థింసా ఆడేటప్పటి పాట ఒకటి పాడతానన్నాను. పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాను. అంతే, అంత సేపే.

వచ్చేసరికి నేల మీద దారాలు పడున్నాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.

"ఇవెవరు తీసినార్రా?"

టెక్నీషియన్ నవ్వాడు. "నేనే అమ్మమ్మా. మురికిగా ఉన్నాయని కత్తిరించాను. మైక్‌కి కూడా దిష్టి తాళ్లు కడతారా మీరు?"

పక్కనున్న సారు కూడా నవ్వాడు. "నమ్మకాలు కదా, పోనీలే" అన్నాడు.

అప్పటికే అతుకు ముక్క పెట్టి తీగ దూర్చేశాడు. వాళ్ల కొత్త రికార్డరు, మీట పైకే ఉంది. గొంతు మర కూడా పైకే ఉంది. పది లెక్కపెట్టింది లేదు, ఒకటి లెక్కపెట్టింది లేదు. హెడ్‌ఫోన్లలో ఠప్‌మని మోగింది కాబోలు, గబుక్కున పీకేసుకున్నాడు. ఆ తర్వాత నేను పాడితే గీతలు లేవలేదు. మళ్లీ పాడమన్నారు. లేవలేదు.

భోజనాల దగ్గర సారు లేచి నిలబడి మాట్లాడాడు. ఆయన గొప్పవాడట, నిస్వార్థి అట. చివర్న ఇలా అన్నాడు: "పాపం, పాత సామానుతో కష్టపడ్డారు. మైక్ ఎప్పుడో చెడిపోయినట్టుంది. ఆ పాత రికార్డింగులు పక్కన పెట్టి, అన్నీ మళ్లీ కొత్తగా చేద్దాం."

"ఎవరి సేత పాడిత్తావు బాబూ?" అన్నాను. "పాడినోళ్లు మట్టిలో ఉన్నారు. లేపుతావేటి?"

"మీ బాధ అర్థమవుతోందమ్మా" అన్నాడు.

మళ్లీ కూర్చుని, విస్తట్లో అన్నం కలుపుతూనే అన్నాడు ఆ మాట.

దారాలు మేమూ కట్టుకుంటాం. పిల్లల మొలకీ కడతాం, మేకల మెడకీ కడతాం. ఏ తాడు ఎందుకు కట్టామో అడిగితే చెప్తాం. అడగాలంటే మమ్మల్ని మనుషులుగా చూడాలి కదా. చదువు రాని ఆడదాని చేతికి అందేలా ఒకాయన కూర్చుని ముడి ముడి వేసి చేసిన పని అది. వాళ్ల కంటికి మురికిగా కనపడింది.

దారాలు ఏరి కొంగున కట్టుకున్నాను. మర్నాడు మైకుని ఆయన తువ్వాలులో చుట్టి బస్సెక్కాను. సాలూరులో ఆయనకి తెలిసిన రేడియో రిపేరు ముసలాయన ఉన్నాడు. చావు కబురు చెప్పి మైకు చేతిలో పెడితే విప్పాడు. కళ్లద్దాల మీద ఇంకో అద్దం పెట్టి చూశాడు.

"ముసలిదైపోయి ఆగింది కాదమ్మా ఇది. పాతబడితే ఆ రేకు సాగి ఏలాడతాది. ఇది తెగి సుట్టుకుపోయింది. కరెంటు పడింది. అతుకు పెట్టి మీట ఎత్తినారా ఎవరైనా?"

"ఎత్తినారు."

"ఎర్ర దారం కట్టేవోడు కదా ఆయన?"

సాలూరులో ఉన్నవాడికి తెలుసు ఆ దారం సంగతి. చూశారా?

కొత్త రేకు దొరికితే వేస్తానన్నాడు, దొరుకుతుందని మాట ఇవ్వలేనన్నాడు. నా ముందే సారుకి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. టెక్నికల్ విషయాలు మేం చూసుకుంటామని సారు ఫోన్ పెట్టేశాడట. ఇప్పటికీ చూసుకుంటూనే ఉన్నాడు.

మైకు మళ్లీ తువ్వాలులో చుట్టుకుని ఇంటికొచ్చి ఆయన పాత రికార్డరు తీశాను. మీట దించాను, పది లెక్కపెట్టాను. ఆడవాళ్లందరం కూర్చుని, ఆ మైకుతోనే పట్టిన పాత పాట ఒకటి పెట్టాం. అంగన్‌వాడీ టీచరమ్మ కూడా విన్నది. మా పెద్ద తోటికోడలి గొంతు. ఆమె పోయి ఎన్నేళ్లో. చేటలో చోళ్లు జారే చప్పుడు వినబడింది. ఆమె చేతి గాజు చేటకి తగలడం వినబడింది. పాట చివర ఆమె ఒక్కసారి దగ్గి, "సాలా మరి, ఆపనా?" అని నన్నడిగింది. నేను వెర్రిదానిలా "ఆపు" అన్నాను, ఇప్పుడు.

చెడిపోయిన మైకుకి గింజ జారడం వినబడుతుందా సారూ? ఇది చదివి మీరే చెప్పండి. హాస్టల్లో మీరు పెట్టే పెట్టెలో వేస్తే సరి. వెయ్యకపోతే హాస్టలు పిల్లలు సెలవులకి ఇంటికొస్తారు, మా గడప లోపలే వింటారు. ఆ పాటలు మాత్రం పక్కన పెట్టేవి కావు.

మొన్న విత్తనం కట్టే రోజు వచ్చింది. దారాలు మళ్లీ కట్టాను, ఏది ఎక్కడిదో అక్కడే. ఆకుపచ్చ దారం సొట్ట మైకు లోపల పెట్టాను. మర అడుగుకి దించాను. మీట చూశాను. పది లెక్కపెట్టాను. అంతా ఆయన చెప్పిన వరసే, నా చేత్తోనే. చెవిలో కోళ్లు వినబడ్డాయి, పక్కామె ఊపిరి వినబడింది.

పాట ఎత్తేముందు ఒకసారి బయటికి వెళ్లాను. పలకని ఆ రిబ్బన్ మైకుని పట్టుకెళ్లి ఆయన రాయి మీద నిలబెట్టాను. ఇన్నేళ్లూ వీపు పెట్టి కూర్చున్నాడు. ఈసారి ముఖం మా ఇంటివైపు తిప్పాను. పోయినవాడు వింటే మొలక రాదని మా అత్త ఎప్పుడూ చెప్పలేదు.

లోపలికొచ్చి పాడాను. తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉంది. కొండ మీది గాలికి దాని ఎర్ర దారం కొస లేచింది, పడింది, లేచింది.