తేదీ లేని సాయన్న

మా అమ్మ మీద ఒట్టు. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి.

తొంభైల మాట. బోధన్ దగ్గర ఓ చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. నిజామాబాద్‌లో ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని అప్పుడే చేరాను. డేటాబేస్‌లో రైతుల పేర్లు, చెరకు నాటిన తేదీలు ఉండేవి. ముందు నాటినవాళ్లకు ముందు కటింగ్ ఆర్డర్, అంటే చెరకు కోసి తెమ్మనే చీటీ. 'సెలెక్ట్' అని పేర్లు అడగడం, 'వేర్' అని షరతు పెట్టడం, అదే నా పని. జనవరి ఒకటికి ముందు నాటినవాళ్లు ఒక జాబితా, ఆ రోజు నుంచి నాటినవాళ్లు ఇంకోటి. రైతులంతా వచ్చేశారనుకునేవాణ్ణి.

ఆ రాత్రి ఆఫీసులో ఒక్కణ్ణే. బయట చెరకు బండ్ల ఎద్దుల గంటలు... ఉన్నట్టుండి ఆగిపోయాయి. అన్నీ ఒకేసారి.

కిటికీ అవతల ఎవరో దగ్గారు.

"సారూ... నేను సాయన్నను. నా పేరొచ్చిందా?"

రోజూ పగలు వచ్చి అడిగే రైతే. కోత ఆలస్యమై చెరకు ఎండిపోతోందని ఆయన బాధ. చీకట్లో ముఖం కనబడలేదు. గొంతు మాత్రం ఆయనదే. రెండు జాబితాలూ మళ్లీ తీశాను.

"ముందటి దాంట్ల లేవు, ఎన్కటి దాంట్ల లేవు సాయన్నా. పొద్దుగాల రా."

మెల్లగా... నా చెవి పక్కనే అన్నట్టు...

"అటు లేను, ఇటు లేను... మరి నేనేడున్న సారూ?"

అప్పుడు తట్టింది. తేదీ గడి ఖాళీగా ఉంటే? ఖాళీ గడి ముందూ కాదు, తర్వాతా కాదు. ఏ జాబితాలోనూ పడదు. దాన్ని విడిగా అడగాలి. 'వేర్ తేదీ ఈజ్ నల్', అంటే తేదీ ఖాళీగా ఉన్నవాళ్లు, అని కొట్టాను.

ఒక్క పేరు వచ్చింది. సాయన్న.

"దొరికినవ్ సాయన్నా!" అని అరిచి కిటికీ వైపు తిరిగాను.

ఎవరూ లేరు. గంటలు మళ్లీ మొదలయ్యాయి. గేటు తీయనే లేదన్నాడు వాచ్‌మన్.

పొద్దున్నే ఆర్డర్ మీద సంతకం చేయించి, నేనే సైకిలెక్కి పక్క ఊళ్లో ఆయనింటికి వెళ్లాను. వాకిట్లో జనం. నిన్న పొద్దుగూకకముందే పోయాడట.

ఆయన భార్య ఆర్డర్ అందుకుని చాలాసేపు చూసింది.

"గిది నిన్న అందితే... జర నిమ్మళంగ పోతుండె సారూ."

రాత్రి వచ్చింది ఎవరో నాకు తెలీదు. కునుకులో నా బుర్రే అడిగిందేమో. ఆయన పగలు వచ్చినప్పుడే నాకు తట్టి ఉంటే ఎంత బాగుండేది...

దొరికినవ్ అని అరిచాను కదా... అది ఆయనకు వినబడిందా?