అమ్మ, కోరెషు రాజు, మేడ్చల్ ఇల్లు

అమ్మ పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆమె కలాయి పని గురించే మాట్లాడారు. పట్నంలో ఒక ఆడమనిషి కొలిమి ముందు కూర్చొని గిన్నెలకు తగరం పూయడం ఎవరికైనా వింతే. ఆమె మేడ్చల్ ఎందుకు విడిచిందో మాత్రం ఎవరూ అడగలేదు.

అమ్మ పేరు షహర్ బాను. పుట్టింది అలియాబాద్‌లో. మేడ్చల్‌లో కలాయి వేసే బాబా మియాకు ఇచ్చారు. ఆయనే మా అబ్బా. ఊళ్లోని ఇత్తడి గిన్నెలన్నీ ఆయన చేతికే వచ్చేవి. క్రైస్తవుల మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పంచే పళ్లెం, గిన్నె కూడా ఏటా పండుగ ముందు వచ్చేవి. వాటిని యోబు తెచ్చేవాడు. పాదిరి ఎప్పుడో గాని రాని ఆ మందిరంలో ఆదివారాలు వాక్యం చెప్పే పెద్దమనిషి ఆయన.

యోబు అబ్బాను కోరెషు రాజా అని పిలిచేవాడు. ఆ రాజు ఎవరని అమ్మ ఒకసారి తలుపు చాటు నుంచి అడిగింది. యోబు అరుగు మీద కూర్చొని చెప్పాడు. బబులోను రాజు యూదుల గుడిని కూల్చి, బంగారు వెండి పాత్రలు దోచుకొని, జనాన్ని చెరపట్టుకుపోయాడు. చాలా ఏండ్లకు పారసీక రాజు కోరెషు బబులోనును గెలిచాడు. ఆ పాత్రలు యూదులకు తిరిగిచ్చి, మీ ఊరికి పోయి మీ గుడి కట్టుకోండని పంపాడు. ఆయన యూదుడు కాడు. వాళ్ల దేవుణ్ణి ఎరగడు. అయినా ఆ దేవుడే ఆయనను పేరు పెట్టి పిలిచి, నా అభిషిక్తుడన్నాడట.

"మా గిన్నెలు తీస్కపోయి మల్ల మాకే ఇస్తడు గదా చెల్లె నీ మొగడు. గందుకే కోరెషు."

"ఇస్తడు గని జల్దీ ఇయ్యడు. గా రాజు గూడ గిట్లనే తిప్పిచ్చుకున్నడా?"

"గా గిన్నెలకు డెబ్బై ఏండ్లు పట్టింది. మనోడే నయం."

అబ్బా తల ఎత్తకుండానే, "గా రాజుకు బొగ్గులెవరు తెచ్చిచ్చిండ్రో అడుగు," అన్నాడు. యోబు బొగ్గులు తెస్తానని చెప్పి ఎప్పుడూ మరిచిపోయేవాడు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయింది. ఏ ఊళ్లో ముసల్మానులకు ఏమైందోనని రోజుకొక కబురు. భయపడి మావాళ్లు బండి కట్టారు. అబ్బా చేతిలో ఉన్న పనిని మూటగట్టుకున్నాడు. మందిరం పళ్లెం, గిన్నె అందులోనే ఉన్నాయి. పట్నంలో దూరపు చుట్టాల వసారాలో దిగాం. అక్కడే అబ్బాకు జ్వరం వచ్చింది, తగ్గలేదు.

అబ్బా పోయాక ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు ముగిసేదాకా అమ్మ గడప దాటలేదు. చుట్టాలు మొదట జాలిపడ్డారు, తర్వాత విసుక్కున్నారు. "మేడ్చల్ల మనకిల్లున్నది సాలేహా, పోదాం," అని అమ్మ నాకు చెప్పేది. కాని మందిరం గిన్నె పని సగంలో ఆగిపోయింది. పని కాని గిన్నెను తిరిగి ఇవ్వడం కలాయివాళ్లలో లేదు. అమ్మ అంతకు ముందు కొలిమి తిత్తి ఊదిందే గాని తగరం పట్టలేదు. వంట పొయ్యిలో బొగ్గులు రాజేసి, విసనకర్రతో విసిరి, వేళ్లు కాల్చుకొని ఆ గిన్నె పూర్తి చేసింది. కలాయి మచ్చలు మచ్చలుగా పడింది.

ఒక ఆదివారం రైలెక్కి మేడ్చల్ పోయాం. మా ఇంట్లో దూలానికి ఊయల వేలాడుతోంది. కూలిపని చేసే పరంజ్యోతి పెండ్లాం సారమ్మ బయటికి వచ్చింది.

"మా గోడలు వానకు కూలినయ్ అక్కా. మీరు పాకిస్తాన్ పోయిండ్రన్నరు, గందుకే ఉన్నం."

"గా పాకిస్తాన్ ఏడున్నదో గూడ నాకెర్కలేదు," అంది అమ్మ.

అక్కణ్ణుంచి మందిరానికి నడిచాం. యోబు పళ్లెం, గిన్నె అందుకొని, గిన్నె లోపల వేలితో తడిమాడు. తర్వాత అందరి ముందూ నిలబడ్డాడు. మేము గుమ్మం బయట ఉన్నాం.

"కోరెషు గిన్నెలిచ్చుడొక్కటే చెయ్యలె. మనుషులను వాళ్ల తావుకు తోలిండు. గిన్నె ఇంటికొచ్చింది. తెచ్చిన మనిషి బయట నిలవడ్డది. పరంజ్యోతీ, ఏమంటవు?"

పరంజ్యోతి లేచాడు. "మా ఇల్లు కూలిన్నాడు గీ కోరెషు ఏడవోయిండు యోబన్నా?"

వెనుక నుంచి ఇంకెవరో అన్నారు: "ఆమెను తెచ్చి పెడితే ఊరు మన మీద పడ్తది. మనమే ఎంతమందిమి?"

యోబు కూర్చున్నాడు. పాట అందుకున్నారు.

బయటికి వచ్చాక ఆయన అమ్మ ముఖం చూడలేకపోయాడు. "జర ఓపిక పట్టు చెల్లె. మల్ల మాట్లాడ్త."

"మీ రాజుకు ఫౌజుండె అన్నా. నీకేమున్నది?" అంది అమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆయన మీద జాలిపడే అన్నది.

తిరిగిపోతూ మా ఇంటి ముందు ఆగింది. సారమ్మ బిడ్డనెత్తుకొని, "దీనికి నెల గూడ నిండలే అక్కా, ఏడికి పోవాలె?" అని ఏడ్చింది. అమ్మ బిడ్డ తల మీద గుడ్డ సర్ది, అటక మీది తిత్తి, పట్టకారు అడిగి తీసుకుంది. యోబు తిత్తిని భుజాన వేసుకొని స్టేషన్ దాకా వచ్చాడు. ఆ తిత్తితోనే అమ్మ మమ్మల్ని సాకింది.

చాలా ఏండ్లు యోబు పట్నం వచ్చినప్పుడల్లా మా గుమ్మంలో కూర్చొని, "గీ ఏడు మాట్లాడ్త చెల్లె," అనేవాడు. అమ్మ చాయ్ ఇచ్చేది. చివరికి ఒకసారి అంది:

"ఇగ అడగకన్నా. సారమ్మ పిల్ల గా ఇంట్లనే నడక నేర్సింది. అది ఇప్పుడు దాని ఇల్లు."

యోబు చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. అమ్మ ఆ పూట కొలిమి వెలిగించలేదు.

ఆమెను పట్నంలోనే మట్టి చేశాం. అబ్బా పక్కన చోటు దొరకలేదు.