విరిచిన జంతిక

గుర్తుపట్టడాన్ని మా శ్రీకాకుళం వైపు పోల్చడం అంటాం.

ఒకసారి విజయనగరంలో బస్సెక్కితే, నా పక్కన ఒక పెద్దామె కవల మనవరాళ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెవిపోటు మందు చిన్నదానికే వెయ్యాలి. పోల్చుకోడానికి దాని బుగ్గన దిష్టిచుక్క పెట్టిందట. పిల్లలు చెంపా చెంపా రాసుకోవడంతో ఇద్దరికీ నలుపే.

"ఇప్పుడెలా పోలుస్తావమ్మా?" అన్నాను నవ్వాపుకోలేక.

"సూడు బాబూ," అంటూ పిల్లలకి చెరో జంతిక ఇచ్చింది. ఒకర్తి కరకరా నమిలేసింది. రెండోది సగం విరిచి నా నోట్లో పెట్టింది.

"పోల్సీసినావా? ఇదే మా సిన్నది!" అంటూ పెద్దామె దాని చెవిలో మందు వేసింది.

ఆ మొహాలు ఇప్పుడు గుర్తులేవు. కానీ ఎవరైనా తాము తినేదాంట్లో సగం విరిచి నాకిస్తే చాలు, ఆ పెద్దామె చిన్న మనవరాలిని పోల్చేశాననుకుంటాను.