వెల్లకిల ఈత

ఆత్మకూరు తాలూకా ఆఫీసు గుమాస్తాలు కొందరు హుసేనయ్య మోటబావిలో రోజూ పొద్దున్నే ఈత కొడుతూ, దానికి క్లబ్బని పేరు పెట్టుకున్నారు. అందులో నడుముకు నీళ్లలో తేల్చే జీలుగు బెండ్లు కట్టుకుని దిగేది మిషన్ బడి జకరయ్య మాస్టరొక్కరే. నలభై దాటిన మనిషి. పొట్ట తగ్గకపోతే గుండెకు ముప్పని డాక్టరమ్మ చెప్పాక ఈ క్లబ్బులో చేరారు. రోజూ మెట్టు మెట్టుకూ ఆగి, నీళ్లను కాలి బొటనవేలితో పలకరించి, ప్రార్థన చేసుకుని మరీ దిగుతారు. తల తడవకుండా ఈదాలని ఆయన పట్టుదల.

"నీ బడి పిల్లకాయలు నవ్వతుండారు మేస్టరూ. ఈపొద్దు బెండ్లు లేకుండా ఈదు, లేదంటే రేపట్నుంచి రావాకు," అన్నాడు గుమాస్తా శీనయ్య.

మాస్టరు బెండ్లు విప్పి, నడుం లోతు మెట్టు మీద నిలబడ్డారు. ఆయన పూర్తిగా నీళ్లలో మునిగింది జన్మలో ఒక్కసారే, బాప్తిస్మం నాడు పాస్టరుగారు వెనక్కి వాల్చి ముంచినప్పుడు. అందుకేనేమో, చేతులు రొమ్ముమీద కట్టుకుని, కళ్లు మూసుకుని, పట్టుకోవడానికి పాస్టరుగారు పక్కనున్నట్టే వెనక్కి వాలిపోయారు. శీనయ్య కంగారుగా చేతులు చాచాడు, హుసేనయ్య నీళ్లలోకి దూకాడు. కానీ కాళ్లు మెట్టును తన్నిన ఊపుకు మాస్టరు పొట్ట పైకి పెట్టి తేలి, నెమ్మదిగా సాగిపోయి, అవతలి గోడకు తల ఆని ఆగారు.

"మునిగినానా హుసేనయ్యా?" కళ్లు తెరవకుండానే అడిగారు.

"యాడ మునిగినావు అయివోరా, అవతలికొచ్చి పండుకోనుండావు," అన్నాడు పక్కనే ఈదుతూ వచ్చిన హుసేనయ్య. "ఇంక పైకి రా, మోట తోలాల."

"అయితే ఇంకొక్కసారి అటు నెట్టు నాయనా," అన్నారు మాస్టరు.