మామూలు నాణెం కాదు

"...వంటింటి కప్పు కారి గిన్నెల్లో నీళ్లు పడుతుంటే, మీరు బీరువాలో చిల్లర దాచుకుంటారా?" అంటోంది పిన్ని.

"చిల్లర కాదు. స్మారక నాణేలు" అన్నాడు బాబాయి.

"కొట్లో ఇస్తే తీసుకుంటారా, లేదా?"

"తీసుకుంటారు."

"అయితే చిల్లరే."

బొమ్మ ఉన్న నాణెం మా బాబాయి ఖర్చు పెట్టడు. వంతెన, రైలు, ఎవరో గడ్డం పెద్దమనిషి, ఏ బొమ్మయినా సరే. ముప్పయ్యేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేశాడు. సంచీలో అలాంటిది పడితే తన జేబులోంచి వేరేది వేసి దాన్ని తీసుకునేవాడు. రిటైరయ్యాక ఎక్కడో డబ్బిచ్చి కొని తెస్తున్నాడు. భూతద్దం పెట్టి చూసి, "ఇది మామూలు నాణెం కాదు" అనేవాడు. ఆ మాట అనిపించుకోని నాణెం నేనింతవరకూ చూడలేదు.

ఆరేళ్లప్పుడు నేనొకటి మింగేశాను. అమ్మ ఏడుస్తోంది. నాన్న టాక్సీ కోసం పరిగెత్తాడు. బాబాయి నా గడ్డం పట్టుకుని, "దాని మీద బొమ్మ ఉందేంట్రా?" అన్నాడు. వంతెన అని చెప్పాను. ఆస్పత్రిలో డాక్టరుతో, "జాగ్రత్తండీ, గీతలు పడకూడదు" అన్నాడు.

"పిల్లాడికేం కాదు లెండి."

"పిల్లాడి సంగతి కాదు, నేనడిగేది..." అని, అమ్మ మొహం చూసి ఆగిపోయాడు.

మూడో రోజు దొరికిన ఆ నాణెం ఇప్పటికీ బీరువాలోని నాణేల డబ్బాలో విడిగా, కాయితంలో చుట్టి ఉంది.

ఆ డబ్బా అమ్మి కప్పు బాగుచేయించాలని పిన్ని పట్టు. ఆదివారం ముగ్గురం పాత నాణేలు కొనే కొట్టుకి వెళ్లాం. డబ్బా నేనే మోశాను. కొట్టతను మూత తీయకుండానే నవ్వాడు.

"మళ్లీ తెచ్చారా కండక్టరుగారూ? పదేళ్ల కిందటే చెప్పాను కదా. ఇవి కోట్లలో అచ్చుకొట్టారు. మీద ఎంత రాసుంటే అంతే."

పిన్ని బాబాయి వంక తిరిగింది. "పదేళ్లుగా తెలుసా మీకు?"

బాబాయి భూతద్దం తుడుచుకుంటున్నాడు.

"తెలిసీ ఇంకా కొంటున్నారా? ఎవరి దగ్గర?"

జవాబు మేం తిరిగొచ్చే దారిలో, బస్టాపు పక్కన కూర్చుని ఉంది. చెప్పులు కుట్టే తాత. చేతులు వణికి రెండేళ్లుగా సూది పట్టడం లేదు, బూటు లేసులు అమ్ముతున్నాడు. ఇప్పుడు లేసుల బూట్లు వేసేవాళ్లెందరు? పోయిన నెల నేను ఊరికే యాభై ఇవ్వబోతే, "నేనేమన్నా అడుక్కుంటున్నానా?" అని నోటు నా కాళ్ల మీద పడేశాడు.

"కండక్టరుగారూ, ఈ వారం మంచి సరుకు దొరికింది" అంటూ పది రూపాయల నాణెం చాపాడు తాత.

బాబాయి పిన్ని వైపు చూడకుండా వంగి భూతద్దం పెట్టాడు. "ఇది మామూలు నాణెం కాదు. యాభై."

"పోయినసారి అరవై ఇచ్చారు."

"అది రైలు. ఇది వంతెన."

"వంతెన లేకుండా రైలెట్లా పోతుందండీ?"

పిన్ని భూతద్దం లాక్కుంది. నాణేన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"అరవై ఇవ్వండి," అంది. "కారేచోట బకెట్టు పెట్టుకుందాం."