హారన్ కొట్టని పోశయ్య

పోశయ్య హారన్ కొట్టడు. ఈ సంగతి బోధన్‌లో అందరికీ తెలుసు. ఎందుకు కొట్టడో కూడా అందరికీ తెలుసు. కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తెలుసు.

అన్నిటికంటే బాగా చలామణీలో ఉన్న కథ ఆశన్న హోటల్లో దొరుకుతుంది. చాయ్‌తో పాటు ఇస్తాడు.

"చక్కెర ఫ్యాక్టరీల భోంగా, గదే సైరన్, కొట్టింది ఎవ్వరనుకుంటున్నవ్? గీ పోశయ్యనే! ఆయన భోంగా కొడితేనే ఊరు లేచేది, ఆయన కొడితేనే తినేది. ఫ్యాక్టరీకి తాళం పడ్డనాడు బాయిలర్ మీద చెయ్యి వెట్టి ఒట్టేసిండు. ఇగ ఈ చెయ్యితోని దేన్నీ మొత్తుకోనియ్య అని."

"బాయిలర్ మీదనా? చెయ్యి కాలలేదా?"

"సల్లారినంక వెట్టిండు తియ్."

ఈ కథ పోశయ్య చెవిన కూడా పడింది. వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు శ్రద్ధగా విని, "అట్లనా? మంచిగున్నది" అని చాయ్ తాగేసి లేచిపోయాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. దాంతో అది నిజమైపోయింది.

పోశయ్యది పాత మారుతి కారు. కొన్నప్పుడు ఎర్రది. ఎండకు వెలిసి వెలిసి ఇప్పుడు పాత ఇటుక రంగుకు వచ్చింది. తెల్లవారగానే ఆ కారు వెనక సీట్లోకి జొన్న రొట్టెల గంపలు ఎక్కుతాయి. గంపల పక్కన షారోన్ ఎక్కుతుంది. రొట్టెలు బోధన్ నుంచి నిజామాబాద్‌కు పోయి, కంఠేశ్వర్‌లో ఒక మెస్సులో దిగుతాయి. రొట్టెలు చేసేది తారాబాయి. ఆమెకు పిండి కలిపి, నిప్పు చూసి, గంప సర్దేది షారోన్. ఇద్దరి ఇళ్లలోనూ పొయ్యి వెలిగేది ఈ రొట్టెల మీదే.

షారోన్ తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్ల. పక్కింటి పోశయ్యను పెద్దబాపు అంటుంది, తారాబాయిని అవ్వ అంటుంది, మిగతా లోకాన్ని ఏమీ అనదు. కొత్తవాళ్లు కనిపిస్తే తల దించుకుంటుంది. కారులో కూడా తల దించుకునే కూర్చుంటుంది. అదృష్టవశాత్తు కారు అడుగున పళ్లెమంత బొక్క ఉంది. దాంట్లోంచి రోడ్డు కనబడుతుంది. గతుకులొస్తే ఎడపల్లి, నున్నటి తారొస్తే జానకంపేట దాటినట్టు. అలా తల ఎత్తకుండానే జిల్లా భూగోళమంతా నేర్చుకుంది.

షారోన్‌కు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. కాళ్ల దగ్గర ఒక బండరాయి ఉంటుంది. కారు ఆగగానే దిగి దాన్ని చక్రం కింద పెట్టాలి. ఎందుకంటే హ్యాండ్ బ్రేకు పట్టదు. పోశయ్యేమో అడుగడుగునా దిగుతాడు.

దిగడం ఎందుకంటే, దారికి ఎవరడ్డొచ్చినా ఆయన హారన్ కొట్టడు కదా. కారు ఆపుతాడు. తలుపు తీసుకుని దిగుతాడు. ఆ మనిషి వెనక నుంచి కాదు, చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడతాడు. మొహంలోకి చూసి నవ్వుతాడు.

"తమ్మీ, జర పక్కకు జరుగుతవా? బండి పోవాలె."

"అంత దూరం దిగొచ్చినవా పెద్దమనిషీ? హారన్ కొట్టకపోయినవ్."

"నువ్వేమన్న దూరమోనివా, దిగి రాకుండ?"

మనుషులకే కాదు, బర్రెలకూ ఇదే మర్యాద. బర్రె ఎదురుగా వెళ్లి నిలబడి, "అమ్మా, జర జరుగు" అంటాడు. బర్రె ఆలోచిస్తుంది. పోశయ్య ఆగుతాడు. షారోన్ రాయి మీద కాలు పెట్టి నిలబడుతుంది. వెనకున్న బస్సు మాత్రం ఆగలేక ఊరు అదిరేలా హారన్ కొడుతుంది. అప్పుడు బర్రె జరుగుతుంది. పోశయ్య బస్సు డ్రైవరుతో, "అడిగితే జరుగుతుండె గద అన్నా, పాపం భయపెట్టినవ్" అంటాడు.

ఒకసారి ఎడపల్లి దగ్గర పెళ్లి ఊరేగింపు అడ్డం వచ్చింది. పోశయ్య దిగి ఒక్కొక్కరినీ మొహం చూసి అడుగుతూ గుంపులోకి పోయాడు. బ్యాండువాళ్లు వదల్లేదు. ఆయన తిరిగి వచ్చేసరికి మెడలో దండ, నోట్లో లడ్డు, నెత్తి నిండా రంగు కాగితాలు.

"ఎవరి పెండ్లి పెద్దబాపు?" అంది షారోన్.

"అడుగుడు మర్శిపోయిన బిడ్డా. పిల్లగాడు మంచోడే ఉన్నడు."

అన్నిటికంటే పెద్ద ముచ్చట చెరుకు ట్రాక్టరుది. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకంతా వేరే ఊళ్లకు పోతుంది. అలా పోయే ఒక ట్రాక్టరు రోడ్డు మధ్యలో, పాటలు పెట్టుకుని, పడుచు ఏనుగులా ఊగుతూ ముందు నడుస్తోంది. పోశయ్య కారు ఆపి, దిగి, అడగడానికి పోయాడు. కానీ ట్రాక్టరు ఆగి లేదు కదా, పోతూనే ఉంది. పోశయ్య పరుగెత్తాడు. అటుగా వస్తున్న మోటారుసైకిలాయన జాలిపడి ఎక్కించుకున్నాడు. ఇద్దరూ వెళ్లి ట్రాక్టరును దాటి, ఆపి, డ్రైవరుకు ఎదురుగా నిలబడ్డారు.

"అన్నా, జర పక్కకు జరుగుతవా? బండి పోవాలె."

డ్రైవరు ముందుకు చూశాడు, వెనక్కు చూశాడు. "ఏ బండి?"

బండి మైలు వెనక ఉంది. అందులో రొట్టెలు, బయట రాయి, రాయి పక్కన షారోన్.

ఆ రోజు రొట్టెలు మెస్సుకు చేరేసరికి అన్నాల వేళ దాటింది. ఆ సంగతి తెలిసి తారాబాయి ఇంటి ముందు నిలబడి దులిపేసింది.

"అరే బాబా! హారన్ అనేది దేనికి పుట్టిచ్చిండ్రు? నీ కారుకు నోరు లేదా పోశన్నా?"

"మీకున్నది గద తారక్కా. వాడకట్టుకు ఒక్కటి సాలు."

"ఏమన్నవ్?"

పోశయ్య ఆమెకు ఎదురుగా జరిగి, నిదానంగా, "తప్పయింది అంటున్న" అన్నాడు.

"ఆ! గట్ల ఒప్పుకో."

తారాబాయి బిలోలి నుంచి కోడలుగా వచ్చిన మనిషి. నిలువెత్తు మనిషి, నిలువెత్తు అభిమానం. ఎండాకాలం జొన్నలు గల్లీ మధ్యలో ఆరబోసి, పీట వేసుకుని కూర్చుంటుంది. వెనక ఆటో వచ్చి ఎంత మొత్తుకున్నా తిరిగి చూడదు. "ఎంత పొగరో సూడుండ్రి" అంటారు జనం. ఆ మాటకూ తిరిగి చూడదు. పోశయ్య కారు మాత్రం మలుపులోనే ఆగిపోతుంది. ఆయన దిగి, జొన్నలు తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడి అడిగితే, మహారాణిలా లేచి పీట జరుపుతుంది. "మర్యాద అంటే గిది. నేర్చుకోండ్రి" అని ఆటోవాళ్లకు చెబుతుంది.

ఇలా నడుస్తుండగా కారు కాగితాలకు గడువు తీరవచ్చింది. పాత కారు కాబట్టి నిజామాబాద్ తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరుకు చూపించి పాస్ చేయించాలి. కాకపోతే ఇక తుక్కుకే. కారు తుక్కుకు పోతే రొట్టెలు బోధన్‌లోనే ఉండిపోతాయి. బస్సులో గంపలు ఎక్కించే కండక్టరు ఇంకా పుట్టలేదు.

మెకానిక్ హన్మండ్లు కారు చుట్టూ ఒకసారి తిరిగి, చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"ఏందిరా గది?"

"ఇన్ని రోజులు నడిసింది గద అన్నా. దీంట్ల ఏదో మహిమ ఉన్నది."

తర్వాత పని మొదలుపెట్టాడు. బ్రేకులు కొత్తవి వేశాడు. ఎడమ దీపం ఆకాశం వైపు చూస్తుంటే దాన్ని భూమి మీదికి దించాడు. వైపర్లు మార్చాడు. షారోన్ కాళ్ల దగ్గరి బండరాయిని తీసి బయటికి విసిరాడు. అడుగున బొక్కకు రేకు వేసి అతికాడు. షారోన్‌కు మనసొప్పలేదు. ఇప్పుడు ఎడపల్లి ఎప్పుడొస్తుందో తెలిసేదెట్లా?

"తల లేపి అద్దంల నుంచి సూడు పిల్లా" అన్నాడు హన్మండ్లు. షారోన్ ఇంకా కొంచెం దించుకుంది.

చివరికి హారన్ విప్పాడు. లోపల కందిరీగలు మట్టితో ఇల్లు కట్టుకున్నాయి. ఇల్లంటే మామూలు ఇల్లు కాదు, అంతస్తుల మీద అంతస్తులు.

"అన్నా, కిరాయి వసూలు చేస్తున్నవా లేదా?"

"అవి ఎవ్వల జోలికి రాలేదురా. నేను వాటి జోలికి పోలె."

"హారన్ మోగకుంటే పాస్ గాదు. కొత్తది పెడుతున్న."

పోశయ్య బానెట్‌లోకి వంగి చూసి, "పెట్టు. పెడితే పెట్టు గని, గల్లీల మాత్రం కొట్టి సూడకు" అన్నాడు.

పరీక్ష రోజున షారోన్ ఎప్పటిలాగే వెనక ఎక్కింది. ముందు సీట్లో తారాబాయి ఎక్కింది, కొత్త చీర కట్టుకుని.

"మీరెందుకు తారక్కా?"

"ఇన్‌స్పెక్టర్ ఏమన్న అంటే నువ్వు పండ్లు ఇకిలిస్తవ్. మాట్లాడే మనిషి ఒకరుండాలె."

ఆఫీసు మైదానంలో బండ్లు బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లు, మెకానిక్కులు గుంపులు గుంపులుగా నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ నరేందర్ సారు చిన్నవాడే, మొహం మాత్రం చాలా పెద్దది. బ్రేకు తొక్కమన్నాడు. తొక్కితే కారు టక్కున ఆగింది. పోశయ్యే ఆశ్చర్యపోయాడు. దీపాలు వెలిగాయి. వైపర్లు ఊగాయి. అడుగు రేకు మీద సారు కాలితో కొట్టి చూసి తల ఊపాడు.

"మంచిది. హారన్ కొట్టు."

పోశయ్య చెయ్యి స్టీరింగు దాకా వెళ్లి ఆగింది. కారు ముందర, బానెట్‌కు రెండడుగుల దూరంలో, ఇటు వీపు పెట్టి, నడుముకు చేతులానించి తారాబాయి నిలబడి ఉంది. ఎదుటి లారీకి ఏం పరీక్ష చేస్తున్నారో చూస్తోంది.

పోశయ్య దిగాడు. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లాడు.

"తారక్కా, జర పక్కకు జరుగుండ్రి."

"ఎందుకు? నేనేమన్న నీ కారును తింటనా? ఈడికెళ్లే మంచిగ కనబడుతున్నది."

"ఆ నీడకు పోయి కూసోండ్రి."

"నేను కూసుంటానికి వచ్చిన్నా?" అని మళ్లీ లారీ వైపు తిరిగింది. పోశయ్య వచ్చి మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాడు.

సారు గడియారం చూసుకున్నాడు. "ఏమయ్యా, హారన్ కొట్టనీకి ఆమె పర్మిషన్ గావాల్నా? మోగుతదా మోగదా? మోగదంటే చెప్పు, ఫెయిల్ రాస్త."

"మోగుతది సార్. మంచిగ మోగుతది. జర ఆమె..."

"పోశయ్యది ఒట్టు సార్!" గుంపులోంచి బోధన్ డ్రైవరొకడు అరిచాడు. "భోంగా ఒట్టు!" అందరూ నవ్వారు. నవ్వి ఇటే చూడసాగారు. మైదానమంతా తారాబాయి వీపు వైపు, పోశయ్య చేతి వైపు చూస్తోంది.

షారోన్ తల ఎత్తింది. ముందరి అద్దంలో పెద్దబాపు మొహం చూసింది. ఆ మొహంలో ఒట్టు లేదు, భయం ఉంది. అదీ తన గురించి కాదు. షారోన్‌కు ఒక్కసారిగా తెలిసిపోయింది. పొయ్యి దగ్గర తాను అవ్వకు ఎప్పుడూ ఎదురుగానే ఎందుకు కూర్చుంటుందో, వెనక నుంచి పిలవడం ఎప్పుడో ఎందుకు మానేసిందో, ఆ ఎరుక తన ఒక్కదానికే అనుకుంది. ఈయనకూ ఎరుకే. ఇంత దగ్గర హారన్ మోగి ఆమె తిరగకపోతే ఇంతమందికీ ఎరుకైపోతుంది. రేపటికి బోధన్‌లో ఆమె పేరు ముందు ఇంకో పేరు తగులుకుంటుంది. ఆ పేరుతో తారాబాయి ఒక్కరోజు కూడా గల్లీలో పీట వేసుకోదు.

షారోన్ కారు దిగింది. అంతమంది మగవాళ్ల మధ్య నుంచి, ఎవరి మొహమూ చూడకుండా నడిచి, తారాబాయికి సరిగ్గా ఎదురుగా వెళ్లి నిలబడింది. పోశయ్య వైపు చూసి తల ఊపింది.

పోశయ్య కళ్లు మూసుకుని నొక్కాడు.

హన్మండ్లు కారు హారనే పెట్టాడో, లారీ హారనే పెట్టాడో గానీ మైదానం దద్దరిల్లింది. సారు చేతిలో పెన్ను కింద పడింది. షారోన్ అమాంతం ఎగిరి, రెండు చెవులూ మూసుకుని, "ఓ యవ్వో!" అని జీవితంలో మొదటిసారి నలుగురిలో అరిచింది.

తారాబాయి ఆ పిల్ల మొహం చూసింది. అంతే. ఆమె చేతులు కూడా చెవుల మీదికి పోయాయి. గిర్రున తిరిగి పోశయ్య మీద పడింది.

"అరే బాబా! చెవులు పగిలిపాయె! ముసలిదాన్ని సంపుతవా? ముందుగాల చెప్పనక్కెర లేదా?"

"గందుకే జరుగుమన్న గద తారక్కా!"

"గింత మోత అని చెప్పినవా? సారూ, గీయనకు గీ హారన్ ఇయ్యకుండ్రి. ఊరు ఖాళీ అయితది!"

గుంపు పడీ పడీ నవ్వింది. నరేందర్ సారు కూడా నవ్వి, వంగి పెన్ను తీసుకుని, "పాస్" అన్నాడు.

తిరుగుదారిలో తారాబాయి ముందు సీట్లో కూర్చుని అద్దంలోంచి బయటికి చూస్తోంది. చెవులు ఇంకా గింగురుమంటున్నాయని జానకంపేట దాకా చెప్పింది. తర్వాత మళ్లీ బయటికి తిరిగింది. పోశయ్య గొంతు తగ్గించి వెనక్కు అన్నాడు.

"ఎప్పటి సంది ఎరుక బిడ్డా?"

"రొట్టె మాడుతున్నదని ఎనుక నుంచి మొత్తుకున్నప్పటి సంది. నీకు?"

"జొన్నల మీద కూసున్నప్పుడు ఒకసారి హారన్ కొట్టిన. కొట్టిన కొద్దీ సూడకపాయె. దిగిపోయి ఎదురుంగ నిలబడితే, ఆమె మొహం..." పోశయ్య గేరు మార్చాడు. "ఆమె ఒక్కదాని కోసమే దిగితే పట్టుబడుతది గద. గందుకే అందరికి దిగుడు వెట్టిన."

"బర్రెలకు గూడనా?"

"మొదలు వెట్టినంక బర్రెలను ఇడిసిపెడితే మంచిగుంటదా?"

షారోన్ నవ్వింది. అప్పుడు పోశయ్యకు తాను గొంతు ఎందుకు తగ్గించాడో తనకే అర్థం కాక, తానూ నవ్వాడు. తారాబాయి గిరుక్కున తిరిగి ఇద్దరి మొహాలూ చూసింది.

"ఏంది గుసగుస? నాకు అంత ఇనబడుతనే ఉన్నది!"

"మీ రొట్టెల గురించే తారక్కా. మంచిగుంటయి అంటున్నం" అన్నాడు పోశయ్య, ఆమె వైపు పూర్తిగా తిరిగి. ఎదురొస్తున్న ఆటో తప్పుకుని బతికిపోయింది.

సాయంత్రానికి ఆశన్న హోటల్లో కథ కొత్తగా తయారైంది. నిజామాబాద్‌లో ఇన్‌స్పెక్టరు బలవంతం మీద పోశయ్య ఒట్టు తప్పాడట. ఎన్నో ఏండ్లు భోంగా కొట్టిన చెయ్యి కదా, ఇన్నాళ్లు దాచుకున్న మోతంతా ఒక్కసారే బయటికొచ్చిందట.

పోశయ్య ఫ్యాక్టరీలో చేసింది మాలి పని. గెస్ట్‌హౌసు ముందు గులాబీలకు నీళ్లు పోసేవాడు. ఆ భోంగా ఏ గదిలో ఉండేదో కూడా ఆయనకు తెలియదు.